గిన్నెలు అతికే ఇంట్లో మూడు రోజులు

కైవెన్ ఆ పొద్దున మహా సంతోషంగా ఉన్నాడు. ఒక పెళ్లి కుదరదని తేల్చేశాడు మరి.

తేల్చింది తన పెళ్లి గురించి కాదు కాబట్టి సంతోషానికి అడ్డేమీ లేదు.

చీనా దేశంలో లూషీ అని ఒక నది ఒడ్డు ఊరు. ఆ ఊళ్లో బియ్యం బజారు వంతెన పక్కన షెన్ గురువుగారు జాతకాలు చూసేవారు. కైవెన్ ఆయన దగ్గర ఆరేళ్లుగా శిష్యరికం చేస్తున్నాడు. అక్కడి జాతకమంటే ఎనిమిది అక్షరాలు. పుట్టిన ఏడాదికి రెండు, నెలకి రెండు, రోజుకి రెండు, వేళకి రెండు. ఏళ్లకీ నెలలకీ వేళలకీ పన్నెండు జంతువుల పేర్లు, ప్రతి అక్షరానికీ నీళ్లు, నిప్పు, చెక్క, లోహం, మట్టిలో ఒకటి; ఎలుకది నీళ్లు, గుర్రానిది నిప్పు. మనిషి బతుకంతా ఆ ఎనిమిదిలో ఇమిడి ఉంటుందని పుస్తకాలు చెబుతాయి. ఆ పుస్తకాలన్నీ కైవెన్‌కి కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అడక్కపోయినా చెప్తాడు. ఇబ్బందల్లా అక్కడే.

ఈ ఆరేళ్లూ అతను సిరా నూరాడు, పంచాంగం తిరగేశాడు, టీ కాచాడు. చివరి మాట మాత్రం ఎప్పుడూ గురువుగారిదే. నిన్న సాయంత్రం మొట్టమొదటిసారి ఆయన రెండు కాగితాలు అతని ముందుకి తోసి, "ఇవి నువ్వు చూడు," అన్నారు.

ఒక కాగితం దాలిన్‌ది. పగిలిన గిన్నెలకి ఇత్తడి కుట్లు వేసి అతికే కుర్రాడు. రెండోది సూయిన్‌ది. సోయా చిక్కుళ్ల పాలు విరగ్గొట్టి టోఫు చేసి అమ్మేవాళ్ల అమ్మాయి.

"కుదరదండీ," అన్నాడు కైవెన్, గురువుగారు ఇంకా చెప్పులు విడవకముందే. "అబ్బాయి పుట్టింది ఎలుక ఏడాది. నెల కూడా ఎలుకదే. అమ్మాయి చూస్తే గుర్రం ఏడాది, గుర్రం నెల, అదీ చాలదన్నట్టు మిట్టమధ్యాహ్నం పుట్టింది, ఆ వేళ కూడా గుర్రానిదే. ఎలుకకీ గుర్రానికీ ఎదురెదురు పోట్లాట. అతనంతా నీళ్లు, ఈమంతా నిప్పు. ఇది కాపురం కాదండీ, అగ్నిప్రమాదం."

"వరద కూడా కావచ్చు," అన్నారు గురువుగారు.

కైవెన్‌కి అది మెచ్చుకోలులాగే వినబడింది.

"రాసిచ్చెయ్యమంటారా?"

"ఎనిమిది అక్షరాలూ చూశావా?"

"చూశానండి."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే. రెండోసారి చూడాల్సిన పనే లేకపోయింది, అంత తేటగా ఉంది."

గురువుగారు టీ మీద ఊదుకున్నారు. తర్వాత, "నిన్న సూయిన్ వాళ్లమ్మ వచ్చింది," అన్నారు. "ఆవిడ బాధ వేరు."

ఆవిడ బాధేమిటో తెలియాలంటే ఆ ఊరి ఆచారం తెలియాలి. పెళ్లికి ముందు అమ్మాయి జాతకపు కాగితాన్ని అబ్బాయి వాళ్లింటికి పంపుతారు. వాళ్లు దాన్ని వంటింట్లో, పొయ్యి దేవుడి బొమ్మ ముందు, అగరొత్తుల కుండ కింద మూడు రోజులు పెడతారు. ఆ మూడు రోజుల్లో ఇంట్లో గిన్నె పగలకూడదు, గొడవ జరగకూడదు. ఏమీ కాకపోతే దేవుడు ఒప్పుకున్నట్టు. ఏదైనా పగిలిందా, కాగితం వెనక్కి వెళ్లిపోతుంది, దాంతోపాటు పెళ్లీ వెళ్లిపోతుంది.

"ఆ ఇంట్లో గిన్నె పగిలితే మాకెలా తెలుస్తుందండీ?" అని అడిగిందట సూయిన్ వాళ్లమ్మ. "అన్నం ఉడికేలోగా అతికేసి, అలమరలో బోర్లించేస్తారు. మీ మనిషిని ఎవర్నైనా సాక్షిగా కూర్చోబెట్టండి."

"నువ్వు వెళ్లు," అన్నారు గురువుగారు.

కైవెన్ మొహం వేలాడిపోయింది. "కుదరదని తేలిపోయాక మళ్లీ కాపలా ఎందుకండీ?"

"తేలిపోయింది కనకే నిన్ను పంపుతున్నాను. ఏది పగిలినా కంగారు పడవు." గురువుగారు ఖాళీ కాగితాల కట్టొకటి అతని చేతిలో పెట్టారు. "ఏం పగిలిందో, ఎప్పుడు పగిలిందో, ఎవరి చేతిలో పగిలిందో రాయి. ఇంకేమీ రాయకు. మూడో రోజు మధ్యాహ్నం నేనొస్తాను."

* * *

ఆ ఇంట్లో ఇద్దరే. దాలిన్, వాళ్ల నాయనమ్మ. ఊరంతా ఆవిడని బావ్ అవ్వ అంటారు. మనిషి చూస్తే ఎండుగరికలా ఉంటుంది, గొంతు మాత్రం పడవల రేవు దాకా వెళ్తుంది.

"రా నాయనా, చిన్న గురువుగారూ," అంది అవ్వ గుమ్మంలోనే. "తిన్నావా, లేకపోతే ఆకలి ఎప్పుడవుతుందో లెక్క కట్టుకుని వచ్చావా?"

కైవెన్ హుందాగా నవ్వాడు. సాక్షి అన్నవాడు ఎక్కువ నవ్వకూడదని దారిలోనే నిర్ణయించుకున్నాడు.

వంటింట్లో పీట వేసుకుని కూర్చుని చుట్టూ చూశాడు. ఆ ఇంట్లో కుట్లు లేని వస్తువు లేదు. అన్నం గిన్నెకి కుట్లు, పులుసు గిన్నెకి కుట్లు, ఉప్పు జాడీకి కుట్లు. కుక్కకి నీళ్లు పోసే మూకుడికి కూడా, అంత ముచ్చటగా, ఐదు ఇత్తడి కుట్లు. మొత్తమ్మీద ఒకే ఒక్క గిన్నె పగుల్లేకుండా నిండుగా ఉంది. నీలం పూలది. పొయ్యి పైనున్న అరలో, దేవుడి బొమ్మ పక్కన, తేట నీళ్లతో ఉంది.

"అది నా పెళ్లినాటిది," అంది అవ్వ, సూయిన్ కాగితాన్ని కళ్లకద్దుకుని అగరొత్తుల కుండ కింద పెడుతూ. "ఈ ఇంట్లో మనుషులం కూడా అంత నిండుగా లేం. నాకు పళ్లు లేవు, మా వాడికి మాటలు లేవు."

మాటలు లేని దాలిన్ అప్పుడే లోపలికొచ్చాడు. ఊరు తిరిగి తెచ్చిన బుట్టని గుమ్మం పక్కన దించాడు. కైవెన్ తొంగి చూశాడు. బుట్ట నిండా పగిలిన గిన్నెలు. వెంటనే కాగితాల కట్ట విప్పి, కలం సిరాలో ముంచి, రాయడం మొదలుపెట్టాడు.

"ఏం రాస్తున్నావు నాయనా?"

"మొదటి రోజు. పగిలిన గిన్నెలు, పదకొండు."

"అవి బయట పగిలాయి."

"ప్రస్తుతం ఇంట్లో ఉన్నాయి కదా అవ్వా."

అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "వైద్యుడి వాకిట్లో పదకొండు మంది రోగులు కూర్చుంటే, ఆ వైద్యుడికి పదకొండు జబ్బులున్నట్టు రాస్తావా?"

కైవెన్ కాసేపు ఆలోచించాడు. పుస్తకాల్లో దీనికి జవాబు కనబడలేదు. రాసింది కొట్టేశాడు.

"సిరా దండగ," అంది అవ్వ.

ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఆ మూడు రోజులు ఎలా బతికారో చూసి తీరాలి. అవ్వ మూతలన్నిటికీ గుడ్డలు చుట్టింది. పిల్లిని పొరుగింట్లో వదిలొచ్చింది. తాను చెక్క గరిటెలోనే అన్నం తింది. దాలిన్ నీళ్లున్న నేల మీద నడిచినట్టు నడిచాడు. అన్నిటికంటే కష్టం అవ్వ నోటికి వచ్చింది. ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే ఆవిడకి ముద్ద దిగదు. ఇంట్లో గొడవ కూడా పడకూడదాయె. అందుకని పూటకోసారి వంతెన మీదికి వెళ్లి, నదిని కడుపారా తిట్టి, మొహం కడుక్కున్నంత హాయిగా తిరిగొచ్చేది.

"నదిని ఎందుకవ్వా పాపం?" అన్నాడు కైవెన్.

"అది ఎదురు చెప్పదు. నీలా కాదు."

రెండో రోజు కైవెన్‌కి తోచక వాకిట్లో దాలిన్ పక్కన కూర్చున్నాడు. దాలిన్ ఒక పళ్లాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, విల్లులాంటి కర్రతో చిల్లులు పెట్టే బర్మా తిప్పుతున్నాడు. ఇటు లాగితే ఒకటి, అటు లాగితే ఒకటి, చిమ్మెట కూతలాంటి చప్పుడు. పెంకు మందంలో సగం దాకానే తొలిచి, ఆ చిల్లుల్లోకి చిన్న ఇత్తడి కుట్టు దించి, సుత్తితో రెండు దెబ్బలు. దెబ్బలు కూడా కావు, తట్టడం.

"సూయిన్ మీకు తెలుసా?" అనడిగాడు కైవెన్, ఏమీ ఎరగనట్టు.

దాలిన్ బర్మా ఆపలేదు. "చిక్కుళ్లు నానబెట్టే జాడీ పగిలిందని పిలిచారు. పోయినేడు."

"అతికారా?"

"అతికాను. తొమ్మిది కుట్లు చాలు దానికి." కొంతసేపటికి, "పద్నాలుగు వేశాను," అన్నాడు.

"తొమ్మిది చాలినప్పుడు పద్నాలుగు ఎందుకు?"

దాలిన్ చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. లోపల్నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఎందుకో పుస్తకంలో చూసుకో నాయనా."

"మరి ఆ అమ్మాయి ఏమంది?"

దాలిన్ పళ్లాన్ని ఎండకెత్తి చూశాడు. పగులు ఎక్కడుందో ఇప్పుడు కుట్లని బట్టి చెప్పాల్సిందే. "ఇంకో నాలుగు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందేమో కదా, అంది."

తన జీవితంలో దాలిన్ ఒకేసారి అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఉండడు. కైవెన్ రాసివ్వబోయే మాట ఇతనికి తెలియదు. జేబులో ఆ మాట రాళ్ల మూటలా ఉంది. "ఏం చేస్తాం, అక్షరాలు అలా ఉన్నాయి," అనుకున్నాడు. ఆ రాత్రి కాగితం మీద "రెండో రోజు. ఏమీ లేదు," అని రాసి, కాస్త నిరాశపడ్డాడు కూడా. ఆ సంగతి మాత్రం రాయలేదు.

* * *

మూడో రోజు పొద్దున దాలిన్ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. వేసవి ఇంకా పూర్తిగా వెళ్లలేదు. కైవెన్‌కి ఉక్కగానే ఉంది.

"జ్వరమా?" అన్నాడు.

"వాడంతే," అంది అవ్వ. "వీడు పుట్టినప్పుడు పదకొండో నెల. అంత చలి నేనెరగను. కుండలో నీళ్లు రాయయిపోతే గొడ్డలితో కొట్టి కాచాం, వీడికి నీళ్లు పోయడానికి. ఆ చలి వీడి చేతుల్లోనే ఉండిపోయింది. కాచుకోకపోతే వేళ్లు పట్టు తప్పుతాయి, బర్మా జారుతుంది. ఎక్కడ వేడుంటే అక్కడే. టోఫు వాళ్లింట్లో పాలు కాగే పొయ్యి దగ్గర కూర్చోబెట్టారా, ఇక వీడు లేవడు."

దాలిన్ అతికిన గిన్నెలు ఇచ్చి రావడానికి బుట్టెత్తుకుని వెళ్లాడు. అవ్వకి తిట్టే వేళయింది, వంతెన వైపు నడిచింది. కైవెన్ ఒక్కడే మిగిలాడు.

అతని బుర్రలో ఎక్కడో ఒక వాక్యం కదిలింది. నాలుగో పుస్తకంలోది. వెయ్యిసార్లు అప్పజెప్పాడు. నడిచలికాలంలో పుట్టిన నీటి జాతకం కనబడితే, మిగతావన్నీ పక్కనబెట్టి ముందు దానికి నిప్పు ఎక్కడుందో వెతకాలి. నడివేసవిలో పుట్టిన నిప్పు జాతకానికి ముందు నీళ్లు వెతకాలి. ఒక్క మనిషి జాతకం చూసేటప్పుడు అతనెప్పుడూ ఇది మరచిపోలేదు. ఇద్దరివి పక్కపక్కన పెట్టేసరికి మాత్రం ఎవరు ఎవర్ని కొడతారా అని చూశాడు. కోడిపందెం చూసినట్టు. ఎవరికేం కావాలో చూడలేదు.

"అయితే మాత్రం," అనుకున్నాడు వెంటనే. అమ్మాయి కాగితంలో ఎక్కడో ఓ చోట నీళ్లుండే ఉంటాయి. ఉంటే ఆమెకి ఇతను అక్కర్లేదు. తన మాటే నిలబడుతుంది. ఒక్కసారి చూస్తే సరి.

పీటెక్కాడు. అగరొత్తుల కుండ ఒక చేత్తో కొద్దిగా ఎత్తి, రెండో చేత్తో కాగితం లాగాడు. చదివాడు. నిప్పు, నిప్పు, చెక్క, మట్టి, నిప్పు. చుక్క నీరు లేదు. తన దగ్గరున్న దాలిన్ కాగితం తీశాడు. నీళ్లు, నీళ్లు, లోహం, చెక్క. నిప్పురవ్వ లేదు. మళ్లీ చదివాడు. మూడోసారి వేలు పెట్టి చదివాడు. ఊరంతా గాలించినా ఇంతకన్నా ఒకరికొకరు అవసరమైన జంట దొరకదు. వీళ్లిద్దరినీ విడదియ్యమని చెప్పబోయింది తను.

కాగితం కుండ కింద పెట్టెయ్యాలని గబగబా చెయ్యి చాచాడు. మోచెయ్యి తగిలింది. నీలం పూల గిన్నె అరమీద ఒకసారి గుండ్రంగా తిరిగి, నీళ్లతో సహా కిందికొచ్చింది.

అది పగిలిన చప్పుడుకి కైవెన్ ఒళ్లు జల్లుమనాలి. కానీ జరిగింది వేరు. లోపలెక్కడో ఎవరో చప్పట్లు కొట్టినట్టయింది. "చెప్పలేదూ? పగిలింది. కుదరదని నేను చెప్పనే చెప్పాను."

గుక్కెడు టీ మింగేంతసేపు అతను నిజంగానే సంతోషపడ్డాడు.

తర్వాత కిందికి చూశాడు. చేతిలో కాగితం నువ్వు తప్పు అంటోంది. నేల మీద పెంకులు నువ్వు ఒప్పు అంటున్నాయి. పెంకుల సంగతి మాత్రం రాస్తే చాలు, తన తప్పు ఎవరికీ తెలియదు. పైగా గురువుగారు చెప్పిందీ అదే కదా, ఏం పగిలిందో రాయి, ఇంకేమీ రాయకు అని. ఇంత సులువుగా గురువాజ్ఞ పాటించే అవకాశం అతనికి ఎప్పుడూ రాలేదు.

లేదా పెంకులన్నీ ఏరి గోతాం కింద దాచేయొచ్చు. పెళ్లి జరిగిపోతుంది. అప్పుడు సాక్షి అబద్ధాలకోరు.

ఏదీ తేలకముందే గుమ్మంలో అవ్వ నిలబడి ఉంది.

ఆవిడ పెంకుల్ని చూసింది. పీట మీదున్న కైవెన్‌ని చూసింది. పడవల రేవు దాకా వెళ్లే గొంతు నోరు దాటి రాలేదు. కైవెన్ ఆ మూడు రోజుల్లో విన్న వాటన్నిటికంటే ఆ మౌనమే భరించలేకపోయాడు.

"అవ్వా, నా మోచెయ్యి..."

"కనబడుతూనే ఉంది." ఆవిడ మెల్లగా చాప మీద కూర్చుంది. "ఎవరి మోచెయ్యి అయితేనేం. దేవుడి ముందు పగిలింది. మూడు రోజులూ ఊపిరి బిగబట్టుకుని నడిచాం."

దాలిన్ ఖాళీ బుట్టతో వచ్చాడు. నేల వైపు చూసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఆరు ముక్కలు," అన్నాడు.

"కాగితం తిరిగిచ్చి రా, దాలిన్," అంది అవ్వ, అతని వైపు చూడకుండా.

దాలిన్ ఎదురు చెప్పలేదు. గొడవ పడకూడదు కదా. పెంకులు ఒక్కొక్కటీ ఏరి, గుడ్డలో పెట్టుకుని, పొయ్యి దగ్గరికి జరిగి మళ్లీ చేతులు కాచుకోసాగాడు. కాగితం వైపు మాత్రం చెయ్యి వెళ్లలేదు.

కైవెన్ తన కట్ట తీసి రాయడం మొదలుపెట్టాడు. చాలాసేపు రాశాడు.

* * *

మధ్యాహ్నం షెన్ గురువుగారు వచ్చేసరికి ఆ ఇల్లు చూడటానికి చాలా శుభ్రంగా, వినడానికి చాలా నిశ్శబ్దంగా ఉంది. చాప మీద జాతకపు కాగితం ఉంది. దాలిన్ వాకిట్లో పని ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఎవర్నీ ఏమీ అడక్కుండా శిష్యుడి ముందు చెయ్యి చాచారు. కైవెన్ కాగితం ఇచ్చాడు. ఆయన చదివారు.

"ఏం పగిలిందో మాత్రం రాయమన్నాను. నాలుగు వాక్యాలు ఎక్కువున్నాయి."

"అవునండి."

"అవ్వకి చదువు రాదు. చదివి వినిపించు."

కైవెన్ నేల వైపు చూశాడు. నేల ఏమీ సాయపడలేదు. కాగితం అందుకుని చదివాడు.

"మూడో రోజు, పాము వేళ. నీలం పూల గిన్నె. ఆరు ముక్కలు. కైవెన్ చేతిలో. అంతకుముందు అదే చేతిలో జాతకపు కాగితం ఉంది. కైవెన్ మొదట చదివింది తప్పు. ఈ జంట ఒకరికొకరు కావలసినవాళ్లు. గిన్నె పగలగానే కైవెన్‌కి..." అక్కడ గొంతు సన్నబడిపోయింది.

"అవ్వకి వినబడలేదు," అన్నారు గురువుగారు.

నిజానికి అవ్వ చెవులు గుర్రం చెవుల్లా పనిచేస్తాయి. అయినా ఆవిడ కూడా చెయ్యి చెవికి ఆనించింది.

"గిన్నె పగలగానే కైవెన్‌కి సంతోషం వేసింది," అన్నాడు కైవెన్, వీధిలోకి వినబడేలా.

అవ్వ అతని మొహంలోకి చాలాసేపు చూసింది. "సంతోషం వేసిందా?"

"వేసిందవ్వా. కొంచెంసేపు."

"ఎంతసేపు?"

"గుక్కెడు టీ తాగేంతసేపు."

"నాకెందుకు చెప్తావు. పెళ్లి ఎవరిదో వాడికి చెప్పు."

కైవెన్ వాకిట్లోకి వెళ్లి, దాలిన్ ముందు నిలబడి, నడుం దాకా వంగాడు.

దాలిన్ తలెత్తలేదు. "కాస్త పక్కకి జరుగుతారా," అన్నాడు. "వెలుతురు కావాలి."

అతని మోకాళ్ల మధ్య నీలం పూల గిన్నె ఉంది. ఆరు ముక్కల్ని దారంతో కట్టి నిలబెట్టాడు. అప్పటికే సగం కుట్లు పడ్డాయి.

కైవెన్ పక్కకి జరిగాడు. జరిగి, అక్కడే నేల మీద కూర్చున్నాడు. దాలిన్ అడక్కుండానే చెయ్యి చాస్తే కుట్టు అందించాడు. మొదటిసారి పెద్దది అందించాడు. దాలిన్ దాన్ని వెనక్కిచ్చి చిన్నది చూపించాడు. రెండోసారికి సరైనది ఇచ్చాడు. బర్మా చిమ్మెటలా కూసింది. గురువుగారు గడప మీద కూర్చుని, అదేదో కచేరీ అయినట్టు తలూపుతూ విన్నారు.

చివరి కుట్టు పడ్డాక దాలిన్ సున్నం, గుడ్డు తెల్లసొన కలిపిన ముద్దని పగుళ్ల వెంట వేలితో రాసి, తుడిచి, అవ్వ ముందు పెట్టాడు. పందొమ్మిది కుట్లు. నీలం పూల మధ్య ఇత్తడి కొమ్మలు పాకినట్టుంది. అవ్వ దాన్ని ముట్టుకోలేదు.

"బాగానే అతికావు," అంది. "పగిలింది పగలకుండా పోతుందా? మీరు చెప్పండి అయ్యగారూ, ఆచారం మాటేమిటి? ఇది లెక్కలోకి వస్తుందా, రాదా?"

"టీ ఉందా అమ్మా?" అన్నారు గురువుగారు.

అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసి, లేచి, అలమరలోంచి ఇంకో గిన్నె తీయబోయింది.

"అందులో పొయ్యమ్మా," అన్నారాయన నీలం పూల గిన్నె చూపించి.

"అది దేవుడిది."

"ఆయన అడిగితే ఇచ్చేస్తాను."

అవ్వకి తిట్టాలనే ఉంది. ఎవర్ని తిట్టాలో తేలక పోసేసింది. గురువుగారు గిన్నెని రెండు చేతులతో పట్టుకుని, తొందరేమీ లేనట్టు తాగసాగారు. ఇంట్లో ఎవరూ ఆయన మొహం వైపు చూడటం లేదు. దాలిన్, కైవెన్, అవ్వ, ముగ్గురూ చుక్క కారుతుందేమోనని గిన్నె అడుగునే చూస్తున్నారు. అవ్వ అయితే నడుం వంచి, తల పక్కకి తిప్పి, గిన్నె కిందికి దూరినంత పని చేసింది. వేలు పెట్టి తడిమింది. వేలిని చూసుకుంది. పొడిగా ఉంది.

ఆవిడ నిటారుగా నిలబడింది. దేవుడి బొమ్మ వైపు ఒకసారి చూసింది. చాప మీదున్న జాతకపు కాగితం తీసి, చొక్కా అంచుతో తుడిచి, పీటెక్కి, మళ్లీ అగరొత్తుల కుండ కింద పెట్టింది.

"సాయంత్రం దాకా ఇంకా పొద్దుంది కదా," అంది ఎవరితోనో.

దాలిన్ చెవులు ఎర్రబడ్డాయి.

కైవెన్ కట్ట విప్పుకుని కలం పట్టుకున్నాడు. చాలాసేపు పట్టుకునే ఉన్నాడు. చివరికి గురువుగారి దగ్గరికి జరిగి, గుసగుసగా అడిగాడు.

"మరి ఏమని రాయమంటారండీ? పగిలిందనా, పగల్లేదనా?"

గురువుగారు ఖాళీ గిన్నె అవ్వ వైపు చాచారు.

"ఇంకొంచెం పొయ్యమ్మా," అన్నారు.